మిరప కల్లంలో ఊపిరి తీసుకునే చోటు

నా పాటలో దగ్గు ఉంది

నేను సంగీత దర్శకుడిగా చేసిన మొదటి సినిమాలో మిరప కల్లంలో ఆడవాళ్లు పాడే పాట ఒకటి ఉంది. ఆ పాట రెండో చరణం చివర ఒక మనిషి దగ్గుతుంది. పొరపాటున పడిందనుకున్నవాళ్లు కొందరు, మళ్లీ రికార్డు చేసే ఓపిక లేక వదిలేశాననుకున్నవాళ్లు కొందరు. ఇన్నేళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఏడు మిరప కోతలు నడుస్తుండగా, ఆ పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీ తరఫున హారిక అనే అమ్మాయి వాడరేవులో మా ఇంటికి వచ్చింది. సౌండ్ ఇంజనీరు. సొంతూరు పొదిలి. పాత పాటల్ని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నామని, ఒకసారి నాకు వినిపించి రమ్మన్నారని చెప్పింది. ల్యాప్‌టాప్ తీసి, రెండు చిన్న స్పీకర్లు బల్ల మీద పెట్టి, పాట మొదలెట్టింది. కళ్లు మూసుకుని విన్నాను. వరుస నాదే. గొంతులు మావాళ్లవే. కానీ ఒక్కరూ ఊపిరి తీసుకోవడం లేదు. పాదానికీ పాదానికీ మధ్య నేను ఖాళీగా వదిలిన చోటల్లా కీబోర్డు శబ్దం మెత్తగా పరిచి ఉంది. రెండో చరణం చివర దగ్గు లేదు.

"దగ్గు ఏదమ్మా?" అన్నాను.

"తీసేశాం సార్. అస్సలు తెలీకుండా తీశాను. దానికే రెండు రోజులు పట్టింది," అంది, మెచ్చుకుంటాననుకుని.

"మరి ఊపిరి?"

"బ్రీత్ నాయిసా సార్? అది కూడా పోయింది."

"ఆపమ్మా," అన్నాను.

ఆ సాయంత్రమే కంపెనీలో దీనికి బాధ్యుడైన పెద్దమనిషికి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "ఇప్పటివాళ్లు ఫోన్లో వింటారు సార్. నాలుగు సెకండ్లు శబ్దం లేకపోతే పాట ఆగిపోయిందనుకుని మార్చేస్తారు. ఎలాగూ హక్కులు మావే. గౌరవం కోసం మీకు వినిపించాం," అన్నాడు.

హక్కులు వాళ్లవే. కాగితం మీద సంతకం నాదే. కోర్టుకి తిరిగే ఓపిక నాకు లేదు, కానీ కలం పట్టే ఓపిక ఉంది. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఆ శుభ్రమైన పాట విని, నేను అలాగే చేశాననుకుంటారు. అనుకోకూడదు. ఆ పాటలో ఏడుగురు ఆడవాళ్ల ఊపిరి ఉంది. అది అందులోకి ఎలా వచ్చిందో చెబుతాను. నాకు వచ్చిన అవార్డుల సంగతి కావాలంటే వేరే చోట వెతుక్కోండి.

గాలి వచ్చే వైపు చోటు

మాది పర్చూరు దగ్గర పల్లె. మా అమ్మా నాన్నా, అమ్మకి అక్క అయిన మా మరియమ్మ పెద్దమ్మా, అందరూ పొలం పనివాళ్లే. మా పేటలో చర్చి, చర్చిలో హార్మోనియం, ఊరి చుట్టూ పొగాకు, పత్తి, మిరప. నా సంగీతం గురించి రాసిన ఒకరిద్దరు "చర్చి ప్రభావం" అని ఒక్క ముక్క రాసి సరిపెట్టారు. అది సగమే నిజం. స్వరం మీద స్వరం పేర్చడం నాకు చర్చి నేర్పింది. స్వరాన్ని ఎక్కడ ఆపాలో కల్లం నేర్పింది.

కల్లం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోసిన కాయల్ని ఎండలో పరిచి, ఎండాక కుప్ప పోస్తారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని తెల్లబారిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తారు. కాయ కదిలినప్పుడల్లా ఘాటు లేస్తుంది. అందుకని ముక్కుకీ నోటికీ అడ్డంగా కొంగు కట్టుకుంటారు. అయినా నోరు తెరిస్తే గొంతు మంట. కాబట్టి నోరు మూసుకునే రాగం తీస్తారు. మాటలు పాడేది ఒక్కరే: గాలి వచ్చే వైపు కూర్చున్న మనిషి. ఘాటు ఆమె మీదికి రాదు, ఆమె నోటికి కొంగు అక్కర్లేదు. ఒక కుప్ప ఏరడం పూర్తయ్యాక అందరూ ఒక్కో చోటు పక్కకి జరుగుతారు. గాలి వైపు చోటు తర్వాతి మనిషికి వస్తుంది. చోటుతో పాటు పాట కూడా ఆమెకే వస్తుంది. గొంతు బాగున్నా, గరగరలాడినా, ఆ కుప్ప అయ్యేదాకా ఆమే పాడాలి. మిగిలినవాళ్లు వెక్కిరిస్తారు గానీ చోటు మాత్రం లాక్కోరు.

పాట మొదలు ఎప్పుడూ ఒకటే: "గాలి పక్కన కూచున్న అక్కా, మా మాట కూడా నువ్వే చెప్పు." ఆ తర్వాత ఎవరి మనసులో ఉన్నది వాళ్లు కట్టి పాడతారు. మేస్త్రీ మీద విసురు, అత్త మీద ఫిర్యాదు, ఆదివారం ప్రసంగం మరీ పొడుగైందని పాస్టరు గారి మీద ఒక చరణం.

ఒక్కో పాదం నాలుగైదు మాటలే. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో అందరూ కొంగులోంచి ఊపిరి లాగుతారు. దానికి కొలత లేదు. గాలి నిలకడగా ఉంటే చిన్నది, గాలి తిరిగి ఘాటు ముఖాలకి కొడితే పెద్దది. తాళం వేసి దాన్ని పట్టుకోవాలని చూసినవాడికి అది దొరకదు. చాలా ఏళ్లు నాకూ దొరకలేదు.

నిశ్శబ్దానికి గుర్తు

పదో తరగతితో నా బడి చదువు అయిపోయింది. నాకు గురుపరంపర లేదు. పర్చూరు గ్రంథాలయంలో సభ్యత్వ కార్డు ఉంది. ఈ మాట నేను సిగ్గుతో రాయడం లేదు. సంగీత కళాశాలల్లో చదివినవాళ్లు నన్ను "పుస్తకాల దానియేలు" అని ఎగతాళి చేసేవారు. అవును, పుస్తకాల దానియేలునే. పగలంతా పత్తి బేళ్లు మోసి, సాయంత్రం చేతులు కడుక్కుని, పేజీకి మరక అంటకుండా తిప్పుతూ చదివాను. ఏ పుస్తకం ముందు, ఏది వెనక అని చెప్పేవాళ్లు లేక, బీరువాలో వరసగా చదువుకుంటూ పోయాను. వ్యవసాయం, అచ్చుయంత్రాలు, శరీరశాస్త్రం, నక్షత్రాలు.

లైబ్రేరియన్ లక్ష్మీనరసు గారు ఒకరోజు అడిగారు. "ఏరా, నువ్వు చదివేదేదీ నీ పనికి సంబంధం లేనిదే గదరా?"

"నా పనేంటో ఇంకా తెలీదండీ," అన్నాను.

ఆయన నవ్వి, అట్టపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి పైనుంచి తీసిచ్చారు. "దీన్ని పదేళ్లుగా ఎవడూ అడగలేదు. నువ్వే తీసుకో. చిరిగితే చిరిగింది." పాశ్చాత్య స్వరలిపి ఎలా రాయాలో చెప్పే పుస్తకం. పక్కన నిఘంటువు పెట్టుకుని ఆరు నెలలు చదివాను. అందులో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. శబ్దం ఎంతసేపు ఉండాలో చెప్పడానికి ఎన్ని గుర్తులున్నాయో, శబ్దం లేకుండా ఎంతసేపు ఉండాలో చెప్పడానికీ అన్ని గుర్తులున్నాయి. పైగా ఇంకో గుర్తు ఉంది, చుక్క మీద గొడుగు పట్టినట్టు. దాన్ని నిశ్శబ్దం మీద పెడితే, ఆ నిశ్శబ్దానికి లెక్క ఉండదు. ఎంతసేపు ఆగాలో అక్కడున్నవాళ్లే తేల్చుకోవాలి.

కల్లంలో గాలి చేసే పని ఇదే గదా అనిపించింది. ఇంటికి పరుగెత్తాను.

"పెద్దమ్మా, నువ్వు పాటలో ఊపిరి తీసుకుంటావు చూడు, దానికి కూడా గుర్తుంది!"

"ఎవరు పెట్టార్రా?"

"దొరలు."

పెద్దమ్మ, "అయితే వాళ్ల ఊళ్లోనూ మిరపకాయలు పండుతాయన్నమాట," అంది.

వరదయ్య మాస్టారు

మద్రాసులో వరదయ్య మాస్టారు అనే సంగీత దర్శకుడి దగ్గర ఎనిమిదేళ్లు సహాయకుడిగా ఉన్నాను. వాయిద్యకారులకి స్వరాలు రాసివ్వడం నా పని. ఆయన నన్ను పేరుతో పిలిచింది తక్కువ. "ఒరేయ్ లైబ్రరీ, ఇటు రా," అనేవారు.

నా మొదటి పెద్ద తప్పు ఆయన దగ్గరే జరిగింది. వేణువుకి ఒక స్వరం రాశాను. వాయించే పెద్దాయన చూసి ఇది రాదన్నారు. వస్తుందని పుస్తకంలో చదివానన్నాను, నలభై మంది ముందు. ఆయనకి కోపం రాలేదు. "బాబూ, ఆ స్వరం కావాలంటే ఇంకో నాలుగంగుళాల వెదురు తెచ్చిపెట్టు. అతికించుకుని వాయిస్తాను," అన్నారు. హాలంతా నవ్వింది. పుస్తకంలోది దొరల లోహపు వేణువు, ఆయన చేతిలోది వెదురు. చదివినదాన్ని నమ్మండి, కానీ ఎదురుగా ఉన్న మనిషి చేతిలో ఏముందో కూడా చూడండి. ఆయన పేరు చివర్లో చెబుతాను.

మాస్టారు గొప్ప పనిమంతుడు. ఒక్క వాయిద్యకారుడు కూడా "ఇదేంటి" అని అడగాల్సిన అవసరం లేకుండా స్వరాలు రాయాలనేవారు. సందేహం వచ్చేలా రాస్తే ఎదుటివాడి సమయం దొంగిలించినట్టేననేవారు. ఇదంతా ఆయన పెట్టిన భిక్ష. ఒక్క విషయంలో మాత్రం ఆయన తప్పు, ఆ మాట ఆయన బతికుండగానే ఆయనతో అన్నాను. ఆయనకి ఖాళీ అంటే గిట్టదు. "పాటలో సందు కనిపిస్తే ప్రేక్షకుడు లేచి సోడాకి పోతాడ్రా," అనేవారు. ఎక్కడ సందు కనిపించినా వయొలిన్లు పోసేవారు, గోడ పగుళ్లలో సిమెంటు పోసినట్టు.

"మాస్టారూ, పాడేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకోవాలండీ?" అని అడిగాను ఒకసారి.

"ఇంటికెళ్లి తీసుకోమను," అన్నారు.

ఏసీ గదిలో పోయిన పాట

శేషగిరి గారనే కొత్త దర్శకుడు మిరప కూలీల కథతో సినిమా మొదలెట్టారు. నన్ను సంగీత దర్శకుడిగా పెట్టుకున్నారు. పెద్దమ్మ పాడే పాటని మా ఇంట్లో నేను పాడి వినిపిస్తే, "గాయనీమణులు వద్దు, వాళ్లనే పిలిపించండి," అన్నారు. పెద్దమ్మ తన ముఠాలోంచి ఏడుగురిని, తనతో కలిపి, రైలెక్కించుకుని మద్రాసు వచ్చింది. ఆఖరి నిమిషంలో ఒకామెకి జ్వరం వస్తే, కోతలకి పొదిలి వైపు నుంచి వచ్చిన ఒకామెను ఆమె బదులు తెచ్చారు.

స్టూడియోలో నిలబెట్టి పాడించాను. పాట వచ్చింది. చక్కగా వచ్చింది. నూనె రాసినట్టు జారిపోయింది. అందులోంచి ఏదో పోయింది. ఏం పోయిందో తెలియడం లేదు. ఖాళీ దగ్గర చెయ్యెత్తి ఆపితే ఆగుతున్నారు, చెయ్యి దింపితే మొదలెడుతున్నారు. బడిపిల్లలు లైన్లో నిలబడినట్టుంది తప్ప అది ఊపిరి కాదు. మూడుసార్లు తీశాం. నిర్మాత గోడ గడియారం వైపు చూడటం మొదలెట్టారు. శేషగిరి గారు నా దగ్గరికి వచ్చి, "దానియేలు గారూ, మీ ఇంట్లో మీరు పాడినప్పుడు ఉన్నది ఇందులో లేదండీ. దొరకలేదంటే సాయంత్రానికి గాయనిని పిలవక తప్పదు," అన్నారు.

నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. "ఏమైంది పెద్దమ్మా?"

"ఏమవుద్దిరా, ఇక్కడ చల్లగా ఉంది. ఊపిరి దానంతటదే ఆడతా ఉంది. తీసుకోవాల్సిన పనే లేదు."

అప్పుడు అర్థమైంది. ఘాటు లేని చోట ఆ ఖాళీకి పని లేదు. శరీరశాస్త్రం చదివినవాణ్ణి, స్వరలిపి చదివినవాణ్ణి, కల్లాన్ని ఊళ్లోనే వదిలేసి పాటను మాత్రం తెచ్చాను. గుర్తు రాసుకున్నాను, గుర్తు వెనక కారణాన్ని మరిచిపోయాను.

పెద్దమ్మ నా ముఖం చూసి, తన సంచీ తెచ్చింది. మా ఆవిడ రాహేలుకని మోసుకొచ్చిన ఎండుమిరపకాయలు. స్టూడియో తివాచీ మీద దుప్పటి పరిచి కుమ్మరించింది. "నిలబడి పాడతారంటే ఎవరన్నా! రండే, కూచోండే," అంది. ఏడుగురూ కొంగులు ముక్కుకి కట్టి కాయలు కలపడం మొదలెట్టారు.

అద్దాల వెనక రికార్డింగ్ ఇంజనీరు సెల్వం గారు స్పీకర్లో అరిచారు. తమిళుడాయన. "సార్! ఏసీ గదిలో మిరపకాయా? మెషీన్ పోయిడుం సార్, పాడైపోతుంది!"

"ఏసీ ఆపేయండి. టేబుల్ ఫ్యాన్ ఒకటి పంపండి," అన్నాను.

ఫ్యాన్ వచ్చింది. పెద్దమ్మ దాని పక్కన కూర్చుని కొంగు విప్పింది. మైకు ఆమె ముందు పెట్టాం, ఇంకో రెండు మిగతావాళ్ల మధ్య పెట్టాం. ఘాటు లేచింది. గదిలో అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. నిర్మాత తుమ్ముకుంటూ బయటికి పరుగెత్తారు. పాట మొదలైంది, నేను చెయ్యెత్తలేదు. ఎక్కడ ఆగాలో వాళ్లకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మొదటి ఖాళీలో ఏడు ఊపిర్లు కొంగుల్లోంచి ఒక్కసారి లోపలికి వెళ్లిన శబ్దం నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. రెండో చరణం చివర పొదిలి ఆమెకి దగ్గొచ్చింది. మిగిలినవాళ్లు ఆమె దగ్గు ఆగేదాకా ఆగి, మళ్లీ అందుకున్నారు.

సెల్వం గారు కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. "ఇంకొక టేక్ పోదామా సార్? దగ్గు పడింది."

"పడలేదండీ, ఉంది," అన్నాను. "అది పాటలోదే."

నా తప్పులు రెండు

సినిమా విడుదలయ్యాక ఒక పత్రికలో "దగ్గు సంగీతం" అని రాశారు. ఇప్పుడైతే ఫ్రేమ్ కట్టించుకుంటాను. అప్పుడు భయపడ్డాను. రెండో సినిమాలో అలాంటిదే పాట చేసి, ఖాళీలన్నిట్లో వయొలిన్లు పోశాను. వరదయ్య మాస్టారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. పత్రికలూ మెచ్చుకున్నాయి.

ఆ ఏడు ఊరెళ్తే పెద్దమ్మ తాలుకాయలు ఏరుతోంది. మొదటి సినిమా పాటని కల్లంలో పాడుకుంటున్నారు. వాళ్ల పాటే కదా, వాళ్లకి తిరిగొచ్చింది. రెండోది పాడరేమని అడిగాను.

"పాడి చూశాం నాయనా. మన రమణమ్మకి కళ్లు తిరిగినంత పనైంది. దాంట్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాల్రా? చచ్చినాకనా?"

ఏడుగురిలో ఒకరైన ఆ రమణమ్మ కొంగు వెనక నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ రోజు నుంచి నేను చేసిన ఏ పాటలోనూ ఎవరి భయానికీ ఖాళీ పూడ్చలేదు. నా శైలి అంటూ ఏదైనా ఉంటే అది ఇంతే: చిన్న పాదాలు, మూసిన నోటి రాగం, కింద చర్చి హార్మోనియం నాలుగు స్వరాలు, మధ్యలో కొలత లేని ఖాళీ. దానివల్ల కొన్ని సినిమాలు చేజారాయి. పోతే పోయాయి. పని చేసుకునే మనిషి ఆ పని చేస్తూ పాడుకోలేని పాట పనిపాట కాదు, ఎంతమంది మెచ్చినా సరే. మీరు కంప్యూటర్ ముందు కూర్చుని కట్టినా సరే, ఒకసారి లేచి నిలబడి మీరే పాడి చూడండి. ఊపిరందకపోతే తప్పు మీ ఊపిరితిత్తులది కాదు.

రెండో తప్పు దీనికన్నా పెద్దది. మొదటి సినిమాకి టైటిల్స్ రాసే ఆర్టిస్టు వచ్చి, "కోరస్ ఎవరండీ?" అని అడిగాడు. నేను నేపథ్య సంగీతం రాస్తూ ఉన్నాను. తలెత్తకుండా, "బృందం అని రాయండి," అన్నాను. ఏడు పేర్లు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పాటలో ఒక ఖాళీ అంత. నిశ్శబ్దానికి కూడా గుర్తు పెట్టినవాణ్ణి, మనుషులకి పెట్టలేదు.

పొదిలి ఆమె

హారిక వచ్చిన రోజుకి తిరిగొస్తాను. పాట ఆపించాక ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. "అయితే కోరస్ వాళ్ల పేర్లు చెప్పండి సార్, అవన్నా వేయిస్తాను," అంది. వేళ్లు మడుస్తూ చెప్పాను. ఆరు వచ్చాయి. ఏడోది రాలేదు. దగ్గినామె పేరు. మద్రాసు దాకా వచ్చి పాడి వెళ్లిన మనిషి పేరు నాకు తెలియదు.

"రేపు పర్చూరు వెళ్దాం. నువ్వూ రా," అన్నాను.

ఏడుగురిలో ఇప్పుడు మిగిలింది కోటమ్మ ఒక్కతే. అప్పట్లో అందరికన్నా చిన్నది, నాకు వరసకి మరదలు. కల్లం దగ్గర గొనెపట్టా మీద కూర్చుని, ఏరేవాళ్ల మీద అజమాయిషీ చేస్తోంది.

"ఏం బావా, ఇప్పుడు గుర్తొచ్చామా?" అంది నన్ను చూడగానే. "పెద్దమనిషివి, కారేసుకొచ్చావు. ఈ పిల్లెవరు?"

"పాటలు శుభ్రం చేసే అమ్మాయి. మీ దగ్గు తీసేసింది."

"అయ్యో తల్లీ, నా మోకాలి నొప్పి కూడా తీసేసిపో," అంది కోటమ్మ. ఏరుతున్నవాళ్లు నవ్వారు.

నేను హారికని గాలికి ఎదురువైపు, ఘాటు కొట్టే చోట కూర్చోమన్నాను. కోటమ్మ గాలి పక్కకి జరిగి పాట ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది గానీ పాదం దగ్గర ఆగడం మాత్రం అదే. రెండు పాదాలయ్యేసరికి హారిక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అయినా లేవలేదు. మూడో పాదం దగ్గర అందరితో పాటు చున్నీలోంచి ఊపిరి లాగింది. నా వైపు చూసింది.

"కోటమ్మా, మద్రాసులో దగ్గిందే, ఆమె పేరేంటి?"

"నీకు తెలీదూ? ఎట్టా తెలుస్తదిలే. నువ్వు మైకుల దగ్గర నిలబడ్డావు, మేము నేల మీద కూచున్నాం. దాని పేరు దీనమ్మ. పొదిలి అవతల నుంచి ఏటా కోతలకొచ్చేది. తిరిగొచ్చే రైల్లో ఒకటే ఏడుపు, 'నా వల్ల దానియేలన్న పాట పాడైపోయింది' అని. నువ్వు బాగుందన్నావని నేను చెప్తే నమ్మలేదు."

"తర్వాత?"

"తర్వాత రెండేళ్లొచ్చింది. ఆ తర్వాత రాలేదు బావా."

ఆ దగ్గు గురించి సెల్వం గారికి అక్కడికక్కడే జవాబు చెప్పాను. చెప్పాల్సిన ఆ ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు.

సంగీతం: బృందం

హారిక వెళ్లిపోయి, వారంలో పాటని మళ్లీ చేసింది. టేపు గరగర మాత్రమే తీసి, ఊపిర్లు, ఖాళీలు, దగ్గు ఎక్కడివక్కడ ఉంచింది. కీబోర్డు తీసేసింది. రెండింటినీ కంపెనీకి పంపి, రెండోదే వేయమని రాసింది. నేను కూడా ఒక ఉత్తరం రాశాను. అందులో రెండే వాక్యాలు. "ఏడుగురి ఊపిరితో, ఏడుగురి పేర్లతో పాట వేయండి. కుదరదంటే నా పేరు కూడా తీసేయండి."

పాట విడుదలైంది. కంపెనీ మొదటిదే వేసింది. హారిక ఫోన్ చేసింది.

"సార్, వాళ్లు... మీ పేరు నిజంగానే తీసేశారు సార్."

"మంచిదమ్మా. ఖాళీగా వదిలారా?"

"లేదు సార్. ఖాళీగా వదిలితే వాళ్ల సిస్టమ్ తీసుకోదంట. సంగీతం అన్నచోట 'బృందం' అని పెట్టారు." ఆ వెంటనే, "సారీ సార్," అంది.

నేను పగలబడి నవ్వాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది ఏమైందోనని. సంగీతం: బృందం. ఇన్నేళ్లకి ఆ పాట మీద సరైన పేరు పడింది. వాళ్లకి తెలియకుండా పడింది, అయినా పడింది. పూడ్చిన ఆ ఖాళీలు మాత్రం నావి కావు, బృందానివీ కావు. వినేవాళ్లు ఎవరైనా పాదం చివర కీబోర్డు మీద చెవి ఆన్చకుండా, అక్కడ ఆగి ఒక ఊపిరి తీసుకోండి. పాట అక్కడే ఉంది.

బృందం అంటే ఎవరో ఇప్పుడు చెబుతున్నాను. మరియమ్మ పెద్దమ్మ, కోటమ్మ, రమణమ్మ, సువార్తమ్మ, అంకమ్మ, శాంతమ్మ, దీనమ్మ. వీళ్లకి నా మొదటి కృతజ్ఞత. హార్మోనియం తాళం నా చేతికిచ్చి, "విరగ్గొట్టినా ఫర్వాలేదు, నేర్చుకో" అన్న పాస్టర్ ప్రసంగి గారికి. అట్టపోయిన పుస్తకం ఇచ్చిన లక్ష్మీనరసు గారికి. నాతో విభేదించి కూడా ఎనిమిదేళ్లు అన్నం పెట్టిన వరదయ్య మాస్టారికి. నలభై మంది ముందు నన్ను మందలించకుండా నవ్వించిన వేణువు విద్వాంసులు నటేశన్ గారికి. ఘాటులో కూర్చుని మీట నొక్కిన సెల్వం గారికి. గాయనిని పిలవకుండా ఆ ఒక్క పూట ఆగిన శేషగిరి గారికి. తనకి రావాల్సిన మిరపకాయలు స్టూడియో తివాచీ పాలైనా ఒక్క మాట అనని రాహేలుకి. కంపెనీ వద్దన్న పాటని దాచి ఉంచిన హారికకి.

దీనమ్మా, పాట పాడైపోలేదు. నీ దగ్గు దగ్గరే అది నిలబడింది.

గాలి వచ్చే వైపు చోటులో నేను చాలాకాలం కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలు ఆలస్యంగానైనా చెప్పాను. ఈ కుప్ప అయిపోయింది. నేను జరుగుతున్నాను. తర్వాత ఎవరో, వచ్చి కూర్చోండి.